టూరింగ్ సీటు: కాకినాడలో మెత్తన, నరసాపురంలో నొప్పి

బండికి కొత్త సీటు కొనేటప్పుడు చాలామంది బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు లోపలికి దిగితే బాగుందనుకుంటారు. దూరప్రయాణానికి ఆ మెత్తదనమే చేటు. 216 హైవే మీద కాకినాడలో బయలుదేరితే అమలాపురం వచ్చేసరికి మెత్తటి ఫోమ్ అణిగిపోయి, బరువంతా పిర్రల ఎముకల మీద పడుతుంది. వేలితో కాదు, మోకాలు మోపి నొక్కండి. అడుగునున్న ప్లేటు తగిలితే ఆ సీటు వద్దు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, మీటియర్ 350 బళ్లకు కంపెనీయే దూరప్రయాణాల కోసం టూరింగ్ సీట్లు అమ్ముతుంది. ప్లేటు, లాకు సరిగ్గా కుదురుతాయి, అది పెద్ద సుఖం. కాకపోతే కొలత అందరికీ ఒకటే. కాబట్టి ముందు మీ కొలత తీసుకోండి. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క పరిచి, పాదాలు కాస్త ఎత్తుగా పెట్టుకుని ఒక నిమిషం కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరం సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్లు ఉంటుంది. సీటులో చదునైన భాగం దానికన్నా ఒక్కో పక్క 3 సెంటీమీటర్లయినా ఎక్కువ ఉండాలి. ఎముక వెళ్లి జారుడు అంచు మీద పడితే ఎంత ఖరీదైన ఫోమైనా దండగే.

కొలత కుదరకపోతే పాత సీటునే కుట్టించుకోవడం మేలు, ఖర్చూ తక్కువ. అడుగున రంగురంగుల ముక్కలు అతికించినట్టుండే రీబాండెడ్ ఫోమ్, పైన అర అంగుళం మెత్తటి ఫోమ్ వేయమనండి. గమ్ము పలచగా పూయాలి. మందంగా పూస్తే ఎండాక అట్టలా బిగుసుకుని ఒత్తుతుంది. సీటు ట్యాంకు వైపు వాలి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారతారు, అందుకని ముందు భాగం కాస్త ఎత్తించాలి. ఎత్తు విషయంలో మాత్రం జాగ్రత్త. మీటియర్ సీటు 765 మిల్లీమీటర్లే కాబట్టి అంగుళం పెరిగినా చాలామందికి కాలు నేలకు ఆనుతుంది. క్లాసిక్‌ది 805, హిమాలయన్ 450ది 825. వీటికి ఎత్తు పెంచక తప్పకపోతే తొడల దగ్గర సన్నగా కోయించండి.

మన డెల్టాలో సీటును చంపేది వాన. కూర్చునే చోట కుట్టు ఉంటే సూది బెజ్జాల్లోంచి నీళ్లు దిగి ఫోమ్ పీల్చేసుకుంటుంది. పైన రెగ్జిన్ ఆరినట్టే కనిపిస్తుంది, కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. నాలుగు రోజులకు ముక్కిన వాసన మొదలు. డైమండ్ కుట్టు చూడ్డానికి ఎంత బాగున్నా ఇక్కడ వద్దనే చెబుతాం. కుట్లు పక్కలకే ఉండాలి, లోపలి వైపు కుట్టులోంచి నీళ్లు దిగకుండా సీమ్ టేపు అతికించాలి. అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మామూలు పిన్నులు తుప్పుపట్టి కవరు ఊడొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులే కొట్టించండి.

సీటు మీద వేసుకునే జెల్ ప్యాడ్ ఎండలో పెట్టిన బండి మీద బాగా వేడెక్కిపోతుంది. దానికన్నా గాలి ఆడే మెష్ కవరు నయం, వానలో తీసి బ్యాగులో పడేయొచ్చు.

షాపు నుంచి బండి తీసేముందు సీటు ఎత్తి ప్లేటు కింద రబ్బరు బుష్‌లన్నీ ఉన్నాయేమో చూడండి. ఒక్కటి లేకపోయినా బరువు ఒకే చోట పడి, గతుకుల్లో ప్లేటు పగులుతుంది.