ఆర్డర్ వచ్చాకే చేసే వస్తువుకి ‘ప్రీ ఆర్డర్’ అని పెట్టడం మేలా?

ఆర్డర్ వచ్చాకే కుట్టే బ్యాగు, కొలతలు ఇచ్చాకే చేసే బల్ల. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఒక చిక్కు ఉంది. స్టాక్ ఉందా అంటే లేదు, కొనొచ్చా అంటే కొనొచ్చు. మరి పేజీలో ఏమని చూపించాలి?

ఎక్కువమంది ‘ప్రీ ఆర్డర్’ అని పెట్టేస్తారు. నాకది నచ్చదు. ఆ మాట చూడగానే కొనేవాళ్లకు ఇంకా విడుదల కాని ఫోనో, గేమో గుర్తొస్తుంది. ఫలానా రోజున అందరికీ ఒకేసారి పంపుతారని అనుకుంటారు. మన వస్తువుకి విడుదల రోజంటూ ఉండదు, ఎవరి ఆర్డర్ పడిన రోజు నుంచి వాళ్ల లెక్క మొదలవుతుంది. ఒక తేదీ దాకా ఆర్డర్లు పోగేసి ఒకే విడతలో తయారుచేసేవాళ్లకైతే మాత్రం ప్రీ ఆర్డరే సరైన మాట.

బ్యాక్ ఆర్డర్ ఇంకా అతకదు. ఉన్నది అయిపోయింది, మళ్లీ వస్తుందని దాని అర్థం. ఆన్‌లైన్ షాపు నడిపే సాఫ్ట్‌వేర్ వూకామర్స్‌లో బ్యాక్ ఆర్డర్‌ని అనుమతించి, కొనేవాళ్లకు తెలియజేసే ఆప్షన్ పెడితే ‘అవైలబుల్ ఆన్ బ్యాక్ ఆర్డర్’ అన్న ఒక్క ముక్క కనిపిస్తుంది. ఎన్నాళ్లు పడుతుందో చెప్పదు. అలాంటిదే అయిన షాపిఫైలో స్టాక్ అయిపోయినా అమ్మకం ఆగకుండా టిక్ పెట్టొచ్చు. అప్పుడు స్టాక్ లెక్క మైనస్ 1, మైనస్ 2 అంటూ దిగిపోతుంది. థీమ్‌లో మార్చుకోకపోతే బటన్ మీద మాత్రం మామూలుగా ‘యాడ్ టు కార్ట్’ అనే ఉంటుంది. కొన్న మనిషి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందనుకుంటాడు. వారం తిరిగేసరికి అతనికీ టెన్షన్, మీకూ టెన్షన్.

నా ఓటు ‘ఆర్డర్‌పై తయారీ’ అన్న మాటకే, అదీ పక్కన తేదీ ఉంటేనే. ‘10 రోజుల్లో పంపుతాం’ అని ఒకసారి రాసి వదిలేస్తే చాలదు. వారానికి 5 బ్యాగులు కుట్టగలరనుకుందాం. చేతిలో ఇప్పటికే 17 ఆర్డర్లున్నాయి. ఇప్పుడొచ్చే 18వది నాలుగో వారంలో గానీ పూర్తికాదు. పేజీ మాత్రం ఇంకా 10 రోజులనే అంటోంది! అందుకే క్యూ పెరిగినప్పుడల్లా తేదీ కూడా జరగాలి. ‘ఇవాళ ఆర్డర్ చేస్తే ఈ తేదీకీ ఈ తేదీకీ మధ్య పంపుతాం’ అన్న వాక్యం బటన్‌కి ఆనుకునే ఉండాలి, కార్ట్‌లోనూ ఆర్డర్ మెయిల్‌లోనూ మళ్లీ కనిపించాలి. ఎక్కడో కింద షిప్పింగ్ నిబంధనల్లో పెడితే ఎవరూ చదవరు.

గూగుల్ సంగతి కూడా చూసుకోవాలి. పేజీలోని వివరాలను సెర్చ్ ఇంజన్లకు అర్థమయ్యేలా చెప్పే పదాల జాబితా స్కీమా డాట్ ఆర్గ్‌లో ‘మేడ్ టు ఆర్డర్’ (ఆర్డర్‌పై తయారీ) అని విడిగా ఒక విలువ ఉంది. గూగుల్‌లో మన వస్తువులు కనిపించడానికి పంపే జాబితా, అంటే మర్చంట్ సెంటర్ ఫీడ్‌లో అది లేదు. అక్కడున్నవి నాలుగే: ఇన్ స్టాక్, అవుట్ ఆఫ్ స్టాక్, ప్రీ ఆర్డర్, బ్యాక్ ఆర్డర్. చివరి రెండింటికీ తేదీ ఇవ్వడం తప్పనిసరి. ఏది ఎంచుకున్నా అది పేజీలో ఉన్నదానితో కలవాలి, లేకపోతే వస్తువును తిరస్కరిస్తారు. తేదీ లెక్క ముందే కట్టుకున్నవాళ్లకు ఈ పని తేలిక.

ఒకే వస్తువులో ఒక సైజు రెడీగా ఉండి, మిగతావి చేయాల్సి వస్తే? సైజు మార్చగానే పక్కన మాటా, తేదీ కూడా మారాలి. రెడీగా ఉన్న సైజు కావాల్సినవాళ్లను నాలుగు వారాలు ఆగమనడం అన్యాయం.