చిన్న ఉప్పునీటి ట్యాంకులో పాడ్స్ తింటుందని మాండరిన్ చేప అమ్ముతున్నారు, కొనకండి

ఉప్పునీటి ఆక్వేరియం కొత్తగా పెట్టుకున్నవాళ్ళు, ముఖ్యంగా వంద లీటర్ల లోపు ట్యాంకు ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

రాత్రి లైటు ఆపేశాక టార్చి వేసి చూస్తే అద్దం మీద తెల్లటి చుక్కలు పాకుతుంటాయి, అవి కోపీపాడ్లు. రాళ్ళ సందుల్లో వంకర నడుముతో, పక్కకి ఒరిగి ఈదే చిన్న రొయ్యల్లాంటివి యాంఫీపాడ్లు. ఈ రెంటినీ కలిపి పాడ్స్ అంటారు. మా 60 లీటర్ల ట్యాంకులో ఇవి బాగా పెరిగాయని హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగాను. "మాండరిన్ వేయండి సార్, అద్దం క్లీన్ అయిపోతుంది. తర్వాత మామూలు ఫుడ్డే తింటుంది" అన్నారు. ట్యాంకు సైజు చెప్పాను, పెట్టి ఇంకా ఏడాది కాలేదనీ చెప్పాను. ఏం పర్లేదన్నారు.

అద్దం క్లీన్ అయిన మాట నిజం. ఆ తర్వాతే అసలు సమస్య మొదలైంది. గుళికల మేత ముక్కు ముందు నుంచి పోతున్నా అది కన్నెత్తి చూడలేదు. ఫ్రోజెన్ ఫుడ్ ముట్టలేదు. పొట్ట లోపలికి పోయి, పైనుంచి చూస్తే పెద్ద తల, వెనక పుల్లలాంటి ఒళ్ళు. బతికుండగానే వెనక్కి తీసుకోమని బతిమాలాను, తీసుకోలేదు. చనిపోయాక ఫోన్ చేస్తే మీ నీళ్ళు బాలేవన్నారు. చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్న టెస్ట్ ఫొటోలు పంపాను. జవాబు లేదు.

ఈ చేప తీరే అంత. పసిఫిక్ పగడపు దిబ్బల్లో పుట్టి, అక్కడే పట్టుబడి మన దాకా వస్తుంది. చిన్న నోటితో పొద్దస్తమానం రాళ్ళ మీద ఒక్కో పాడ్‌నీ ఏరుకుని తింటుంది. కదలని తిండిని చాలావరకు తిండిగానే గుర్తించదు. అందుకే కనీసం 280 లీటర్ల ట్యాంకు, నిండా లైవ్ రాక్ (సూక్ష్మజీవులు, చిన్న ప్రాణులు కాపురముండే సముద్రపు రాళ్ళు), ట్యాంకుకి ఏడాది వయసు ఉంటే తప్ప వేయకూడదని అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు. చిన్న ట్యాంకులో పాడ్స్ పుట్టే వేగం కంటే ఇది తినే వేగం ఎక్కువ. అంటే మీకు పాడ్స్ పోవడం, దానికి తిండి పోవడం రెండూ ఒకటే. ఆకలితో చావడానికి వారాలు పడుతుంది, అన్ని వారాలూ మన కళ్ళ ముందే.

మాండరిన్ వద్దంటే స్కూటర్ బ్లెన్నీ అనే చేపని చూపిస్తారు. పేరుకే బ్లెన్నీ (అది వేరే రకం చేప), నిజానికి ఇది కూడా మాండరిన్ కుటుంబానిదే, ఆకలి కూడా అదే. సిక్స్ లైన్ రాస్ అనే ఇంకో చేప అయితే ఆకలితో చావదు, గుళికలు తింటుంది. కానీ కుదురుకున్నాక చాలాసార్లు తర్వాత వేసిన చేపల వెంటపడి కొడుతుంది. రాళ్ళన్నీ బయటికి తీస్తే గానీ దాన్ని పట్టుకోలేరు. సముద్రపు గుర్రం ఇస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి. 2001 నుంచి దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, అమ్మడం నేరం.

అసలు ఆ షాపువాళ్ళు మొదట చెప్పాల్సింది వేరే. ఆ పాడ్స్‌లో దాదాపు అన్నీ మంచివే. మిగిలిన మేత, నాచు, చెత్త తిని బతుకుతాయి, చేపల జోలికి రావు. కొత్త ట్యాంకులో ఒకసారి విపరీతంగా పెరిగి, తిండి తగ్గగానే వాటంతటవే తగ్గుతాయి. మేత కాస్త తగ్గించి, అడుగున చెత్త పీల్చేసి, అద్దం తుడిస్తే చాలు. అక్రోపోరా పగడాల మీద చేరే ఎర్ర చుక్కల పురుగు లాంటివి నిజంగా చెడ్డవే. అయితే దానికి మందు వాడతారు, చేపని నమ్ముకోరు.

ఏ చేపైనా కొనేముందు మీ కళ్ళ ముందు ఫ్రోజెన్ ఫుడ్ వేయించి, తింటుందో లేదో చూడండి. నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తే తిన్నట్టు కాదు. పైనుంచి కూడా చూడండి, తల వెనక నొక్కుకుపోయినట్టుంటే అది ఇప్పటికే ఎండిపోతోంది. ఇప్పుడు తినట్లేదు గానీ ఇంటికెళ్ళాక తింటుందంటే నమ్మకండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ట్యాంకుల్లోనే పుట్టిన మాండరిన్లు కొన్నిచోట్ల దొరుకుతాయి, వాటికి ఫ్రోజెన్ అలవాటు చేసి ఉండొచ్చు. అక్కడా చూసే కొనండి.

ఇప్పటికే చిన్న ట్యాంకులో మాండరిన్ ఉన్నవాళ్ళు ఈరోజే ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవులు) గుడ్లు తెప్పించండి. మన కోస్తా రొయ్యల హేచరీల్లో వాడేవే. ఉప్పునీళ్ళలో వేసి గాలి పెడితే సుమారు ఒక రోజులో పిల్లలు వస్తాయి. పెంకులు వేరుచేసి, అప్పుడే పుట్టినవాటిని రోజుకి కొన్నిసార్లు కొద్దికొద్దిగా వేయండి. ఈలోగా పెద్ద, పాత ట్యాంకు ఉన్నవాళ్ళని వెతికి, డబ్బు సంగతి ఆలోచించకుండా చేపని ఇచ్చేయండి.