కేసులు కాదు, పని లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్: ఆరు నెలలు వాడాక

మా పాథాలజీ ల్యాబ్‌లో పనిభారం కొలిచే సాఫ్ట్‌వేర్ పెట్టి ఆరు నెలలైంది. అంతకుముందు నెలాఖరుకి ఎవరు ఎన్ని కేసులు రిపోర్ట్ చేశారో చూసేవాళ్లు, అంతే. నేను చూసేది కిడ్నీ బయాప్సీలు. ఒక్కో దానికి హెచ్ అండ్ ఈ, పీఏఎస్, సిల్వర్, ట్రైక్రోమ్ స్టెయిన్లు (కణజాలానికి పట్టించే రంగులు), ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో (కణజాలంలోని ప్రొటీన్లు మెరిసేలా చేసి చూసే పరీక్ష) ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ, కప్పా, లాంబ్డా, ఆపైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, ఇవన్నీ చూసి గ్లోమెరులైలు (కిడ్నీలో రక్తాన్ని వడపోసే చిన్న చిన్న భాగాలు) ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసినా అదీ ఒక కేసే, పేగులో తీసిన చిన్న పాలిప్ (లోపలి పొర మీద పెరిగే కండ) కూడా ఒక కేసే. ఆ పట్టీ చూసినప్పుడల్లా చాలా బాధేసేది.

ఇప్పుడు స్లైడు బార్‌కోడ్ స్కాన్ అవగానే పాయింట్లు పడతాయి. మళ్లీ కట్ చేయించినా, అదనంగా స్టెయిన్ అడిగినా అవీ కలుస్తాయి. పొద్దున కేసులు పంచేటప్పుడు ఎవరి మీద ఎంత ఉందో అందరికీ కనిపిస్తుంది కాబట్టి గొడవలు నిజంగా తగ్గాయి. ఇది నాకు బాగా నచ్చింది.

కానీ కొన్న రోజు ఉన్న పాయింట్లతో అలాగే వాడొద్దు. అవి అమెరికా బిల్లింగ్ కోడ్ల నుంచి తెచ్చినవి. అందులో కిడ్నీ బయాప్సీ, పాలిప్ రెండూ 88305 అనే ఒకే కోడ్ కిందే వస్తాయి. స్టెయిన్లకు వేరే కోడ్లున్నా, ఆలోచించడానికి పట్టే టైమ్ ఎక్కడా ఉండదు. మేం కూర్చుని మార్చుకోవడానికే నెల పట్టింది. సైటాలజీ (విడి కణాలను చూసే పరీక్షలు) పేజీలో 100 స్లైడ్ల దగ్గర ఒక గీత కూడా ఉంది. అమెరికా నిబంధనల్లో అది 24 గంటల్లో దాటకూడని హద్దు, ఎవరి పనితీరుకీ టార్గెట్‌గా వాడకూడదని అందులోనే రాసి ఉంది. ఇక్కడ మాత్రం చూసినవాళ్లంతా చేరుకోవాల్సిన నంబరనుకున్నారు, పాపం స్క్రీనింగ్ చేసేవాళ్లకి ఊరికే టెన్షన్. ఆ గీత తీయించాం.

ఫోన్‌లో నెఫ్రాలజిస్టుతో (కిడ్నీ డాక్టరుతో) మాట్లాడిన అరగంట, ట్యూమర్ బోర్డుకి (క్యాన్సర్ కేసులు డాక్టర్లంతా కలిసి చర్చించే మీటింగ్) స్లైడ్లు మళ్లీ చూసుకోవడం, పీజీలకు నేర్పడం చేత్తో ఎక్కించాలి, రద్దీ రోజుల్లో ఎవరికీ తీరదు.

అన్నిటికంటే పెద్ద లోటు, టెక్నీషియన్ల పేరు ఎక్కడా లేదు. కిడ్నీ కణజాలాన్ని రెండు మూడు మైక్రాన్ల మందంలో వరసగా కోయడం ఎంత ఓపిక పనో మైక్రోటోమ్ (కణజాలాన్ని పల్చగా కోసే యంత్రం) దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. సెక్షన్ (అలా కోసిన పొర) మడత పడితే మళ్లీ కోయాలి, దానికి పాయింట్ పడేది నాకు, వాళ్లకి కాదు. కంపెనీని అడిగితే తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. అది వచ్చేదాకా 5కి 3 నక్షత్రాలే ఇస్తాను.