కుందేలు బొమ్మ యాభై పెన్నీల నాణెం కొనబోయేవారికి హెచ్చరిక

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నాణేల సేకర్తలందరికీ, ముఖ్యంగా పిల్లల కోసం కథల బొమ్మల నాణేలు వెతుకుతున్నవారికి ఒక మనవి. మన వాట్సాప్ బృందాల్లో ఆదివారం ఆదివారం విదేశీ నాణేలు అమ్మకానికి పెట్టే పెద్దమనిషి ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన దగ్గర పీటర్ రాబిట్ (బీట్రిక్స్ పాటర్ పిల్లల కథల్లోని నీలికోటు కుందేలు) బొమ్మ ఉన్న బ్రిటిష్ యాభై పెన్నీల నాణెం కొనవద్దు. అది బ్రిటిష్ టంకశాల రాయల్ మింట్ వారి రంగుల వెండి ప్రూఫ్ నాణెమని (సేకర్తల కోసం ప్రత్యేకంగా నున్నగా కొట్టినదని), ఎక్కడా దొరకదని ఆయన నమ్మబలకడంతో మా అమ్మాయి కోసం 9,500 రూపాయలు యూపీఐలో పంపాను.

కొరియర్‌లో వచ్చినదానికి పెట్టె లేదు, ధ్రువపత్రం లేదు. ప్లాస్టిక్ తొడుగులో నీలికోటు కుందేలు మాత్రం ఉంది. అనుమానం వచ్చి చిన్నబజారులో మాకు తెలిసిన కంసాలికి చూపించాను. తూకం సరిగ్గా 8 గ్రాములు ఉంది గానీ, వెండి ప్రూఫ్ నాణెమూ మామూలు నాణెమూ అదే తూకం కాబట్టి దానివల్ల ఏమీ తేలదు. ఆయన అంచును గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, ఇది వెండి కాదని చెప్పేశారు. భూతద్దం పెట్టి చూస్తే కోటు రంగు గీత దాటి పక్కకు పాకి ఉంది. గోటితో గీరగానే ఆ నీలం ఉల్లిపొరలా లేచి వచ్చింది. కింద బయటపడినది 75 శాతం రాగి, 25 శాతం నికెల్ కలిపి కొట్టే చలామణి నాణెం. వాటిని టంకశాల ఎన్నడూ రంగు వేసి విడుదల చేయలేదు.

రాణి బొమ్మ వైపు 2017 అని ఉంది. ఆ ఏడాది పీటర్ రాబిట్ నాణేలు సుమారు 1 కోటి 99 లక్షలు చలామణిలోకి వచ్చాయి. ఈ కథల బొమ్మల వరుసలో నిజంగా తక్కువగా వచ్చినవి 2018 నాటి పీటర్ రాబిట్, ఫ్లాప్సీ అనే మరో కుందేలు నాణేలు, ఒక్కొక్కటి దాదాపు 14 లక్షలు. 2016 నాటి బాతు బొమ్మ జెమైమా పడల్‌డక్ 21 లక్షలు. 2009లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ తోట పేరిట వచ్చిన యాభై పెన్నీల నాణెం 2 లక్షల 10 వేలే కనుక, దాని పక్కన ఇవి కూడా అరుదైనవి కావు. అమ్మినాయన నాకు పంపిన ఫోటోలన్నీ కుందేలు వైపువే, సంవత్సరం ఉన్న వైపు ఒక్కటీ లేదు. ఇది పొరపాటున జరిగినదని ఎలా అనుకోవాలి?

ఫోన్ చేసి మర్యాదగానే, "అయ్యా, ఇది వెండి కాదట, డబ్బు వెనక్కి పంపండి" అని అడిగాను. "నెల్లూరు కంసాలికి ఇంగ్లండు నాణెం గురించి ఏం తెలుసండీ? పిల్లదానికి బొమ్మే కదా కావలసింది, ఇచ్చి ఊరుకోండి" అని పెట్టేశారు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. చిన్నపిల్ల ముచ్చటను అడ్డం పెట్టుకొని రంగు పూసిన నాణెం అంటగట్టి, అడిగితే ఆ పిల్లనే తక్కువ చేసి మాట్లాడారు. తరవాత నా నంబరును బ్లాక్ చేసి, ఆ సాయంత్రమే మరో బృందంలో అదే కుందేలును "ఆఖరిది" అంటూ మళ్ళీ అమ్మకానికి పెట్టారు.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆయన దగ్గర ఇలాగే కొన్నవారు ఉంటే చెల్లింపు రసీదు, చాటింగ్ చెరిపేయకుండా ఉంచుకొని మీరూ ఫిర్యాదు చేయండి. ఇకమీదట ఎవరి దగ్గర కొన్నా రెండు వైపుల ఫోటోలు, పెట్టె, ధ్రువపత్రం చూశాకే డబ్బు పంపండి.