పాత డీజిల్ ఎస్‌యూవీయా, కొత్త పెట్రోలు బండా: విశాఖవాసికి ఏది మేలు?

ఎనిమిది లక్షల రూపాయల దరిదాపు చేతిలో ఉండి, ఇంటిల్లిపాదికీ సరిపోయే ఎత్తయిన బండి కావాలనుకునే విశాఖవాసి ముందు ఇవాళ మూడు దారులున్నాయి. 2020 ఏప్రిల్‌కు ముందు తయారైన బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణాల) డీజిల్ ఎస్‌యూవీని సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం ఒకటి. ఆ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్‌ను, అదీ సెకండ్ హ్యాండ్‌లోనే, తీసుకోవడం రెండవది. పాతవాటి జోలికే పోకుండా షోరూములో కొత్త చిన్న పెట్రోలు ఎస్‌యూవీ కొనడం మూడవది. మైలేజీ లెక్క వేస్తే చాలు, ఏది మేలో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ, అది సగం లెక్క మాత్రమే. బండి రోజూ ఏ రోడ్డు మీద ఎంతసేపు తిరగబోతోంది, ఇన్నాళ్లూ ఏ గాలిలో నిలబడి ఉంది అన్న రెండు ప్రశ్నలు ఈ ఊళ్లో అంతకంటే ముఖ్యమైనవి.

ముందు ఆ సగం లెక్క చూద్దాం. 2024, 2025 సంవత్సరాలలో విశాఖలో లీటరు పెట్రోలు సుమారు 108 రూపాయలు, డీజిల్ సుమారు 96 రూపాయలు ఉంటూ వచ్చాయి. ఊళ్లో, రహదారిపై కలిపి పెట్రోలు ఎస్‌యూవీ లీటరుకు 11 కిలోమీటర్లు, డీజిల్‌ది 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు మూడు రూపాయల నలభై పైసల తేడా వస్తుంది. ఎంవీపీ కాలనీలో ఉంటూ సిరిపురంలోనో ద్వారకానగర్‌లోనో ఉద్యోగం చేసి, నెలకు 700 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి దీనివల్ల ఏడాదికి మిగిలేది దాదాపు 28 వేలు. అదే నగరం నుంచి అచ్యుతాపురం సెజ్‌కు రోజూ సొంత కారులో వెళ్లి వచ్చేవారు నెలకు 1,800 కిలోమీటర్లు తిరిగితే 73 వేల దాకా మిగులుతుంది. మొదటివారి విషయంలో పాత డీజిల్‌కు ఒక్కసారి ఇంజిన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్ల సెట్టు మార్చవలసి వచ్చినా, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో చెడినా, ఏడాది ఆదా అంతా అందులోనే పోతుంది. రెండవవారు అదే ఖర్చును భరించి కూడా లాభంలోనే ఉంటారు.

ఇక బీఎస్-4కూ బీఎస్-6కూ మధ్య ఎంపిక. కొత్తది కనుక బీఎస్-6 మేలని అనుకోవడం సహజమే కానీ, డీజిల్ విషయంలో ఆ మాట అన్నివేళలా నిలవదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల కోసం డీజిల్ కార్ల సైలెన్సరు దారిలో డీపీఎఫ్ అనే వడపోత సాధనాన్ని అమర్చారు. ఇంజిన్ నుంచి వచ్చే మసి అందులో పేరుకుంటుంది. అది ఒక స్థాయికి చేరాక ఇంజిన్ తనంతట తానే అదనంగా డీజిల్ చల్లి, పొగ వేడిని సుమారు 600 డిగ్రీల దాకా పెంచి, ఆ మసిని కాల్చివేస్తుంది. ఈ పని సవ్యంగా జరగాలంటే బండి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా, కాస్త వేగంగా నడవాలి. మద్దిలపాలెం కూడలిలో ఆగుతూ, హనుమంతవాక దగ్గర మళ్లీ ఆగుతూ నాలుగైదు కిలోమీటర్లు పోయి ఇంజిన్ ఆపేసే బండికి ఆ అవకాశమే రాదు. మొదలైన శుద్ధి మధ్యలోనే ఆగిపోతుంది. ఇలా పదేపదే జరిగితే కాలకుండా మిగిలిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, చివరకు వర్క్‌షాపు మెట్లెక్కక తప్పదు.

కనుక నగరం దాటని మనిషి వాడిన బీఎస్-6 డీజిల్, మీటరులో ఎంత తక్కువ రీడింగ్ ఉంటే అంత అనుమానించవలసిన బండి. నాలుగేళ్లలో 18 వేల కిలోమీటర్లే తిరిగిందని అమ్మేవారు గొప్పగా చెబుతారు. అది పెట్రోలు బండికి గొప్పే. డీజిల్‌కు మాత్రం అదే కాలంలో హైవే మీద 60 వేలు తిరిగిన బండి ఇంజిన్ ఇంతకంటే ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా వేసిన ఆరు వరుసల రహదారి ఈ వడపోతను శుభ్రపరచుకోవడానికి చక్కటి చోటు. వారానికి ఒక్కసారైనా అటు వెళ్లే పని ఉన్నవారు బీఎస్-6 డీజిల్‌ను నిశ్చింతగా ఆలోచించవచ్చు.

పరీక్షించడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు గొట్టం లోపలి అంచును వేలితో తుడిచి చూడాలి. డీపీఎఫ్ సరిగా పనిచేస్తున్న బండిలో వేలికి దాదాపు ఏమీ అంటదు. నల్లటి మసి దట్టంగా అంటిందంటే వడపోత పగిలి ఉండవచ్చు, లేదా ఖర్చు తప్పించుకోవడానికి ఎవరో దాని లోపలి భాగాన్ని తీసేయించి ఉండవచ్చు. రెండవ పని చట్టవిరుద్ధం. ఆ బండి ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. బీఎస్-4 బండికి మాత్రం ఈ పరీక్ష వర్తించదు, దాని గొట్టంలో మసి ఉండడం మామూలే. అన్నట్టు, కొన్ని బీఎస్-6 డీజిల్ కార్లకు, ముఖ్యంగా 2023 తర్వాత వచ్చిన వాటికి, పొగలోని విషవాయువులను తగ్గించే ఆడ్‌బ్లూ అనే ద్రవాన్ని కూడా విడిగా పోయవలసి ఉంటుంది. పెద్ద ఖర్చు కాదు కానీ, అది పూర్తిగా అయిపోతే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదన్న సంగతి కొనేవారికి ముందే తెలిసి ఉండాలి.

ఈ వడపోత గొడవ లేని 2017-2020 నాటి బీఎస్-4 డీజిల్ ఎస్‌యూవీల మీద నాకు కొంత మొగ్గు ఉందని దాచుకోను. అందుకు ముఖ్య కారణం మన ఘాట్ రోడ్లు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు, లేదా పాడేరు ఘాట్‌లో ఐదుగురితో, సామానుతో వెళ్లేటప్పుడు, తక్కువ వేగంలోనే బలంగా లాగే డీజిల్ ఇంజిన్‌కూ, గేరు దించి గట్టిగా తొక్కితే తప్ప కదలని చిన్న పెట్రోలు ఇంజిన్‌కూ ఉన్న తేడా డ్రైవరుకే కాదు, వెనుక సీటులో కూర్చున్నవారికీ తెలుస్తుంది. అయితే డీజిళ్లన్నీ ఒక్కటి కావు. 1.3 లీటర్ల ఇంజిన్ ఉన్న మారుతి బ్రెజా, టర్బో అందుకునేదాకా, అంటే ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్ల (ఆర్‌పీఎం) లోపు తిరిగేటప్పుడు, మందకొడిగానే ఉంటుంది. మలుపులో వేగం తగ్గిందంటే గేరు దించక తప్పదు. 1.6 లీటర్ల హ్యుందాయ్ క్రెటాకు 128 హార్స్‌పవర్ ఉండడం వల్ల ఆ ఇబ్బంది తెలియదు. గతుకుల రోడ్డు మీద కుదుపు తెలియనివ్వని గుణం మాత్రం రెనో డస్టర్‌దే. ఇంజిన్ లోపలి కవాటాలను పిస్టన్లతో లయ కలిపి నడిపేందుకు బ్రెజా ఇంజిన్‌కూ, 1.6 క్రెటా ఇంజిన్‌కూ టైమింగ్ చైన్ ఉంటుంది. డస్టర్‌కూ, ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్‌కూ ఉండేది టైమింగ్ బెల్టు. దానిని గడువుకు మార్చినట్టు బిల్లు చూపలేకపోతే, కొన్న వెంటనే మార్పించవలసిన ఖర్చుగా లెక్కగట్టి ఆ మేరకు ధర తగ్గించమని అడగాలి. బెల్టు తెగితే ఇంజిన్ తల భాగమంతా పాడవుతుంది. ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీని ఆపివేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. విడిభాగాల సరఫరా కొనసాగుతున్నా, తిరిగి అమ్మేటప్పుడు ఆ ప్రభావం ధర మీద ఉంటుంది. ఊరికే అక్కడక్కడ ఘాట్ ఎక్కేవారికి బ్రెజా చాలు, మెకానిక్కులందరికీ చేయి తిరిగిన బండి. కొండదారి తరచుగా పట్టేవారికి క్రెటా 1.6 మేలు.

కొత్త పెట్రోలు బండి వైపు నుంచి బలమైన వాదన ఒకటి 2025 సెప్టెంబరు 22న వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను ఆ రోజు నుంచి 18 శాతానికి తగ్గింది. అదే పొడవు ఉండి 1,500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న డీజిళ్లకు తగ్గింపు ఇంకా ఎక్కువ, 31 నుంచి 18కి. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌వో, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్ డీజిళ్లు ఈ కోవలోకి వస్తాయి. నెలకు 1,500 కిలోమీటర్లు దాటే వారెవరైనా, ఇంకాస్త డబ్బు కూడగట్టగలిగితే, సెకండ్ హ్యాండ్ బీఎస్-6 డీజిల్ బేరం కుదుర్చుకునే ముందు వీటి ఆన్‌రోడ్ ధర ఒకసారి అడగడం మంచిది. చాలామంది అమ్మకందారులు పన్ను తగ్గకముందు తాము కొన్న ధరను మనసులో పెట్టుకునే బేరం మొదలుపెడతారు. ఈనాటి కొత్త బండి ధరను వారి ముందుంచితే ఆ బేరం ఎంతోకొంత దిగివస్తుంది.

పాత పెట్రోలు ఎస్‌యూవీని నేను ఈ పోటీలోకి తేకపోవడానికి కారణం ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తగిన విధంగా కార్లు తయారు కావడం 2023 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయింది. అంతకుముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు భాగాల మన్నిక మీదా సందేహాలున్నాయి. డీజిల్ బండికి ఈ చిక్కు లేదు.

ఇక ఈ ఊరి గాలి సంగతి. పెదజాలరిపేట, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వరకూ తీరం వెంట ఆరుబయట నిలబెట్టిన కార్లకు ఉప్పుగాలి సోకుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున మాత్రం తుప్పు పని కానిస్తుంటుంది. అందుకే మీటరు రీడింగ్ కంటే ముందు బండి కడుపు చూడాలంటాను. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్కు దగ్గర గుంట మీద నిలబెట్టించి, టార్చి వేసి, బ్రేకు ఆయిల్ పైపులను, జాకీ పెట్టే చోట్లను, సైలెన్సరు అతుకులను, ముందు చక్రాల మధ్య ఇంజిన్‌ను మోసే ఇనుప చట్రాన్ని వరుసగా చూడాలి. స్క్రూడ్రైవరు పిడితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది. పొరలు పొరలుగా రాలిందంటే అక్కడ ఇనుము తినేసినట్టే. పైపైన ఎర్రబారడం వేరు, దానికి భయపడనక్కరలేదు. అడుగుభాగమంతా కొత్తగా, తళతళలాడే నల్లటి పూతతో కనిపిస్తే మెచ్చుకోకుండా, అమ్మకానికి ముందు ఆ పూత ఎందుకు వేయించారని అడగాలి. వెనుక డోరు కింది అంచు మడతలోనూ, కార్పెట్టు ఎత్తి సీటు పట్టాల మీదా చూడడం మరచిపోకూడదు.

సీటు పట్టాల మీద తుప్పు మరొక కథ కూడా చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, అక్కడి కార్లు కూడా మునిగాయి, అలాంటివి ఇక్కడికీ అమ్మకానికి రావచ్చు. ఒకప్పుడైతే నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పగలిగేవాళ్లం. ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 16 అంటే కృష్ణా. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ ఆనవాలు పోయింది. అందుచేత ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయం పేరు, చిరునామా చదవాలి, ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర అడగాలి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే, సాధారణంగా లోపలే చుట్టుకుని ఉండే భాగం మీద బురద గీత కనిపించవచ్చు. బండి కడిగేవాళ్లు అక్కడిదాకా కడగరు.

ఇంజిన్ విషయానికి వస్తే, తెల్లవారి మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మనం దగ్గర ఉండాలి. మనం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయడం మంచిది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా తెరిచి చూస్తే, ఆవిరి కొద్దిగా రావడం ఫరవాలేదు. మూత ఎగిరిపడేటంత ఒత్తిడితో పొగ తన్నుకొస్తే లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయని అర్థం. ఆ తర్వాత కైలాసగిరి వంటి ఎత్తు మీదికి తీసుకువెళ్లి, క్లచ్ జారుతున్నదీ లేనిదీ, వెనుక నీలం పొగ వస్తున్నదీ లేనిదీ చూస్తే చాలు.

తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కనుక బదిలీల కాలంలో ఇతర రాష్ట్రాల నంబర్లతో, రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కరలేని బీహెచ్ సిరీస్‌తో మంచి కండిషన్‌లో ఉన్న బండ్లు ఇక్కడ అమ్మకానికి వస్తాయి. వాటి ధర తక్కువగా కనిపించడం వెనుక పన్ను ఉంది. పరరాష్ట్రపు బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. బీహెచ్ సిరీస్‌కు అర్హత లేనివారు దానిని కొన్నా ఇదే పరిస్థితి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షల కారణంగా ఢిల్లీ నుంచి చవకగా వచ్చే బండ్లకూ ఇదే వర్తిస్తుంది. కనుక బేరానికి ముందే మాధవధార రవాణా కార్యాలయంలో ఆ బండికి ఎంత పన్ను పడుతుందో కనుక్కుని, దానిని అడిగిన ధరకు కలిపి, ఏపీ నంబరున్న అదే ఏడాది బండితో పోల్చాలి. తేడా పాతిక వేలలోపే మిగిలితే ఆ తిప్పలు పడడం అనవసరమని నా ఉద్దేశం. స్థానిక బండికైతే యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 సంతకాలు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 ముఖ్యం. ఇన్సూరెన్సును 14 రోజుల్లో కొన్నవారి పేరు మీదికి మార్పించుకోవాలి. క్లెయిము చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో దక్కిన రాయితీ (నో క్లెయిమ్ బోనస్) మాత్రం బండితో రాదు, కాబట్టి ఆ తేడా ప్రీమియం కూడా ఖర్చులోనే రాసుకోవాలి.