వెట్‌చేంజ్ యాప్: మందు ఒక్కటే మానిపిస్తే సరిపోదని దీన్ని చూశాకే అర్థమైంది

మా నాన్న 1999లో కార్గిల్‌లో ఉన్నారు, హవల్దారుగా రిటైరయ్యారు. మందు ఆయనకి సరదా కాదు. వేసుకోకపోతే నిద్ర పట్టదు, పట్టినా చెమటలతో లేచి తలుపు గడియ పెట్టి ఉందో లేదో తడిమి చూసుకుంటారు. దీపావళి రోజైతే టపాకాయలు మొదలవకముందే సీసా మూత తీసేవారు. ఇన్నేళ్లూ మేం దాన్ని తాగుడు అలవాటనే అనుకున్నాం. ఒక డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పిస్తే అక్కడా మందు మానిపించారే తప్ప పీడకలల గురించి ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చిన రెండో నెలకే మళ్లీ మొదలు.

వెట్‌చేంజ్ నాకు నచ్చింది అందుకే. అమెరికా మాజీ సైనికుల శాఖలోని పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయంకర అనుభవాల తర్వాత మనసుని వదలని జబ్బు) జాతీయ కేంద్రం వాళ్లది, ఉచితం. తాగుడునీ, యుద్ధం మిగిల్చిన ఆ బాధనీ విడదీయకుండా చూస్తుంది. పూర్తిగా మానాలా, తగ్గించుకోవాలా అన్నది మన ఇష్టం. నాన్న ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే. రోజూ ఎంత తాగారో రాసుకోవాలి, తాగాలనిపించినప్పుడు, టెన్షన్ పెరిగినప్పుడు ఏం చేయాలో చెప్తుంది. మందు త్వరగా నిద్రపుచ్చుతుంది కానీ తెల్లవారుజామున ఆ నిద్రనే చెడగొడుతుందని నేను చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మూడింటికి మెలకువ వచ్చేది అందుకేనా?" అన్నారు.

ఒక విషయం జాగ్రత్త. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. మన క్యాంటీన్ రమ్ము 60 ఎంఎల్ పెగ్గులో దాదాపు 20 గ్రాములుంటుంది. మేం మొదటి వారం నాలుగు పెగ్గులకి యాప్‌లో నాలుగు డ్రింకులే రాశాం, నిజానికి దాదాపు ఆరు.

తెలుగు లేదు, నేను పక్కన కూర్చుని చదివి చెప్పాల్సి వస్తోంది. అందులోని అత్యవసర నంబర్లు కూడా అమెరికావే, మనకైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. రోజూ బాగా తాగేవాళ్లు యాప్ చూసి ఒక్కసారిగా ఆపేయకండి, వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, ముందు డాక్టర్‌ని కలవండి. మేం సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తూనే ఇది వాడుతున్నాం, అక్కడ ఫోన్ తీసి నెల రోజుల లెక్క చూపిస్తే ఆయనకీ పని తేలికైంది.

ఐదుకి నాలుగు స్టార్లు. భాష కోసం ఒకటి తగ్గించాను.