మిర్ 250: గోడౌన్‌లో సరుకు మోసే రోబో బండి

డెన్మార్క్ కంపెనీ మిర్ తయారీ. 250 కిలోల వరకు మోస్తుంది, గరిష్ఠ వేగం సెకనుకు 2 మీటర్లు. నేలమీద దారి చూపే టేపు అంటించక్కర్లేదు; జాయ్‌స్టిక్‌తో గోడౌనంతా ఒకసారి తిప్పితే మ్యాపు తనే గీసుకుంటుంది. వెడల్పు 58 సెంటీమీటర్లే, ఇరుకు సందుల్లో దీని పనితనం నిజంగా మెచ్చుకోవాలి.

చిక్కంతా బండి చుట్టూ ఏముందో చూసే లేజర్‌తోనే. అది నేలకు దగ్గరగా ఒకే ఎత్తులో చూస్తుంది. అద్దం తలుపులు, నిగనిగలాడే నల్లటి వస్తువులు దానికి సరిగా ఆనవు. అలాంటి చోట్లను మ్యాపులో వెళ్లకూడని ప్రాంతాలుగా గుర్తించండి. రోజూ చోటు మారే ప్యాలెట్లను (సరుకు పేర్చే బల్లలను) మ్యాపులోంచి చెరిపేసి గోడలు, స్తంభాలు మాత్రమే ఉంచాలి. లేదంటే బండి తానెక్కడుందో తేల్చుకోలేక ఆగిపోతుంది. లేజర్ కిటికీ మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తుండాలి. వైఫై ప్రతి మూలకీ అందాలి. నిండు ప్యాలెట్లు ఎత్తాలంటే మాత్రం ఇదే కంపెనీ పెద్ద బండి మిర్ 600 చూడండి.